శంఖుపూల టీచరు

తారాదేవి రాజమండ్రిలో నాలుగేళ్లు జూనియర్ కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పింది. పెళ్లయ్యాక, 1998లో, భర్త ఈశ్వరరావు వెంట సింగపూర్ వచ్చింది. అతనికి సైన్స్ పార్క్‌లో ప్రోగ్రామర్ ఉద్యోగం. ఆమెకు హౌగాంగ్‌లో ఏడో అంతస్తు ఫ్లాటు, బోలెడంత తీరిక. ఒక స్కూల్లో ఇంటర్వ్యూకి వెళ్లింది. ఆమె పుస్తకాల ఇంగ్లీషు వాళ్లకు అర్థం కాలేదు, వాళ్ల వేగం ఆమెకు అందలేదు. ఇంటికొచ్చి సర్టిఫికెట్లు బీరువా అడుగున పెట్టేసింది. మళ్లీ ఎక్కడా ప్రయత్నించలేదు.

పక్క ఫ్లాటులో ఆండాళమ్మ ఉండేది. ఆమె తాత విశాఖ నుంచి ఓడెక్కి వచ్చినవాడు. ఆమె తెలుగులో అరవం, మలయ్ కలిసిపోయి వినిపించేవి. ఒక మధ్యాహ్నం మనవరాలు యోగితను వెంటబెట్టుకుని గిన్నెతో వచ్చింది.

"మాకన్ అయిందా అమ్మాయ్, తిన్నావా? శంఖుపూలేసి వండినాను, తిని చూడు."

అన్నం ఆకాశమంత నీలంగా ఉంది. తారాదేవి ముచ్చటపడి, అలవాటుగా నిమ్మచెక్క పిండింది. రసం పడ్డ చోటల్లా అన్నం వంకాయరంగుకు తిరిగింది. సైన్స్ పేరెత్తితేనే మొహం ముడుచుకునే యోగిత గిన్నె మీదికి వంగింది.

"ఆంటీ, హౌ కమ్?"

తారాదేవి చెప్పబోయింది. ఇంగ్లీషు మాటలు దొరకలేదు. మాటలు మానేసి నాలుగు గ్లాసుల్లో శంఖుపూల నీళ్లు పోసి, వంటసోడా, వెనిగర్, సబ్బు, ఉప్పు పిల్ల ముందు పెట్టింది. సోడా, సబ్బు వేసిన నీళ్లు ఆకుపచ్చకు తిరిగాయి, వెనిగర్ పోసినవి గులాబీరంగుకు మారాయి. ఉప్పు వేసిన గ్లాసు మారనే లేదు.

"వై దిస్ వన్ నెవర్ చేంజ్?" అంది యోగిత. ఆ ప్రశ్న వినేసరికి తారాదేవికి తన పాత క్లాసుగది గుర్తొచ్చి, చాలాకాలానికి కడుపు నిండినట్టనిపించింది.

ఆ తర్వాతి శనివారం యోగిత ఇద్దరు స్నేహితురాళ్లను తీసుకొచ్చింది. నెల తిరిగేసరికి ఫ్లాటు చాలక, బ్లాకు కింద ఖాళీగా ఉండే హాల్లోని రాతిబల్లకు మకాం మార్చారు. పిల్లలు ఆమె ఇంగ్లీషు సరిదిద్దేవారు, ఆమె వాళ్ల కొలతలు సరిదిద్దేది.

2001లో ఈశ్వరరావు కంపెనీ మూతపడింది. త్వరగా మరో ఉద్యోగం దొరక్కపోతే దేశం విడిచి వెళ్లాలి. అతను సూట్‌కేసులు దించి దుమ్ము తుడుస్తుంటే తారాదేవి చూడలేకపోయింది. శనివారం పిల్లలకు, ఇక క్లాసు ఉండదేమోనని చెప్పింది. వాళ్లలో ఒకమ్మాయి తల్లి మిసెస్ లిమ్ ట్యూషన్ సెంటర్ నడుపుతుంది. ఆ సాయంత్రమే ఆవిడ తలుపు తట్టింది.

"ఇంటర్వ్యూ వద్దు. వచ్చి ఒక క్లాసు చెప్పు చాలు," అంది ఇంగ్లీషులో.

సెంటర్లో అంతా కొత్త పిల్లలు, గోడవారన మిసెస్ లిమ్. తారాదేవి కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లించింది. కాసేపటికి మంట ఆరిపోయింది. ముందు వరసలో అబ్బాయి ఎందుకని అడిగాడు.

"యు టెల్ మీ లా," అనేసింది తారాదేవి.

తమ యాసలోని 'లా' ఆమె నోట వినేసరికి క్లాసంతా పకాలుమని నవ్వింది. తర్వాత పది చేతులు పైకి లేచాయి.

ఉద్యోగం వచ్చింది, ఆమె పేరు మీద దేశంలో ఉండి పనిచేసే పాస్ వచ్చింది. ఇదివరకు ఆమె అతని పాస్ మీద ఆధారపడి ఉండేది; ఈసారి డిపెండెంట్ అయింది ఈశ్వరరావు. డిపెండెంట్ అని రాసున్న తన కార్డు చూసుకుని, "ఇంక నువ్వే నన్ను పోషించాలి, మేడమ్," అన్నాడు. నవ్వుతూనే అన్నా ఆ కార్డును బోర్లించి పెట్టాడు. ఆమె అతని ప్లేట్లో మరికాస్త పప్పు వడ్డించింది.

ఏడాది తిరగ్గానే అతనికి మళ్లీ ఉద్యోగం దొరికింది. అయినా శనివారాలు సీసాల పెట్టె మోసుకుంటూ ఆమె వెనకాలే సెంటరుకు వెళ్లేవాడు. పిల్లలు అతన్ని సార్ అని పిలిచేవారు. అతను మాత్రం చివరి బెంచీలో కూర్చుని, తనకు అర్థం కానప్పుడు వాళ్లలాగే చెయ్యెత్తేవాడు.