బ్రేకు మీద కాలు, నోట్లోనే మాట

ఆ రోజుల్లో అంటే మరీ పాతకాలమేం కాదు. మా ఇంట్లో ప్రతి చేతిలోనూ ఫోను ఉన్న కాలమే, అంటే ప్రతివాళ్లూ మెకానిక్కులైన కాలమే. నేను కామారెడ్డిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ, రోజుకు రెండు పేజీల డైరీ రాస్తూ, నోటితో మాత్రం పది మాటలకు మించి వాడని పిల్లను. కండక్టర్‌కు నా ఊరి పేరు వినబడేట్టు చెప్పలేక, మా ఊరు దాటాక వచ్చే స్టాపు టికెట్టు చేతిలో పెడితే దాంతోనే సర్దుకునేదాన్ని. (డైరీలో మాత్రం ఆ కండక్టర్‌ను రెండు పేజీల నిండా కడిగేశాను.) మౌనం సంస్కారానికి గుర్తని నేను చదివిన పుస్తకాలన్నీ చెప్పాయి. దానివల్ల బండి బ్రేకు పాడవుతుందని ఒక్క పుస్తకమూ చెప్పలేదు.

మా ఊరు ఎల్లారెడ్డి పక్కనే. అక్కడి టెంటుహౌసు సామాను మా బాపు పికప్పు బండిలోనే పోయేది. ఆ బండి తిరిగితేనే మా ఇల్లు నడిచేది. ఒకరోజు దాని బ్రేకు మెత్తబడింది. తొక్కితే నానిన అటుకుల్లో కాలు పెట్టినట్టు కిందికి పోయేది, మూడుసార్లు కొడితే గానీ బండి ఆగేది కాదు. బాపు దాన్ని జబ్బుగా ఒప్పుకోలేదు. "జర మెత్తగున్నది, గంతే. గేరు మీద ఆపుకుంట వస్త" అన్నాడు. అన్నట్టే వచ్చాడు కూడా. ఆగింది మాత్రం గేరు మీద కాదు, మా గడ్డివాము మీద. మా అమ్మ బండికి నిమ్మకాయలు కట్టింది. మొత్తం బండిలో ఆ నిమ్మకాయలొక్కటే గట్టిగా ఉండేవి. నాలుగో రోజు పొద్దున కామారెడ్డిలో పెండ్లి. కుర్చీలూ వంటపాత్రలూ అందకపోతే ఇక గాంధారి ఊరివాళ్ల బండినే పెట్టుకుంటానని టెంటుహౌసాయన కబురు చేశాడు.

మా అన్న ఫోనులో నాలుగు వీడియోలు చూసి బండి కిందికి దూరాడు. వెనక ఎడమ చక్రం లోపలంతా ఆయిల్ తడి. "వీల్ సిలిండర్ కారుతుంది బాపూ, గందుకే మెత్తగైంది" అని కొత్తది తెచ్చి వేశాడు. (జీవితంలో అన్న సరిగ్గా చెప్పిన మొదటి మాట అది. దాన్ని నేనెలా అబద్ధం చేశానో చెప్పడానికే ఈ రాత.) ఇక మిగిలింది పైపుల్లో చేరిన గాలి తీయడం. అది ఇద్దరు కలిసి చేయాల్సిన పని. పైన కూర్చున్నవాళ్లు బ్రేకు నాలుగుసార్లు కొట్టి, ఐదోసారి తొక్కిపట్టి "పట్టిన!" అని అరవాలి. కిందివాళ్లు అది విని చక్రం వెనకుండే గాలి తీసే నిపుల్ విప్పితే ఆయిలూ గాలీ బుస్సుమని వస్తాయి. మళ్లీ బిగించేదాకా కాలు ఎత్తకూడదు. ఎత్తితే బయటి గాలి తిరిగి లోపలికి పోతుంది. ఇంత బాధ్యత గల పదవికి ఇంట్లో నేనే ఖాళీగా దొరికాను.

"పట్టిన" అన్నాను. స్టీరింగుకు వినబడే ఉంటుంది. "ఓ చెల్లే, పట్టినవా లేదా?" అని కింద నుంచి అన్న. నేను తల ఊపాను, బండి కింద పడుకున్న మనిషికి! ఆయనే అంచనా వేసుకొని నిపుల్ విప్పాడు. కాలి కింద పెడల్ ఒక్కసారిగా జారిపోయింది. ఏదో విరగ్గొట్టేశానన్న భయంతో కాలు తీసేశాను. అలా ఇరవైసార్లు. సాయంత్రానికి బ్రేకు పొద్దుటికంటే మెత్తనైంది. "నీ ఫోను సదువు గింతే. పోయింది మాస్టర్ సిలిండర్" అని బాపు తీర్పు చెప్పాడు. మర్నాడు పెడల్ దగ్గరుండే ఆ సిలిండరూ మార్చారు. మళ్లీ పైన నేనే, మళ్లీ అదే మెత్తదనం. ఆ రోజు డైరీలో "ప్రతిసారీ భయపడి కాలు తీసేశాను. తప్పు నాదే. రేపు చెప్పాలి" అని రాశాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. ధైర్యం మాత్రం ఆ పేజీ దాటలేదు.

పెండ్లికి ముందురోజు నడకవేగంతో బండిని ఎల్లారెడ్డి మెకానిక్ షెడ్డుకు తీసుకుపోయాం. అక్కడి ఉస్తాద్ ఏ రోగానికైనా స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకొని బండి గుండె చప్పుడు వినేవాడు. (ఆగి ఉన్న బండి బ్రేకులో ఏం వినబడిందో ఆయనకే తెలియాలి.) విని, "పిలగాడు అంత ఖరాబ్ చేసిండు. నాలుగు చక్రాలు విప్పాలె, రెండ్రోజులైతది" అన్నాడు. బాపు అరవలేదు. "ఇగ నా బండి మీద చెయ్యి ఎయ్యకు" అన్నాడు, అంతే. అన్న ఆయిల్ చేతులు చూసుకుంటూ నిలబడిపోయాడు. మా ఇంట్లో మౌనం నా ఒక్కదాని సొత్తు. అది అన్న మొహం మీద కనిపిస్తే నేను భరించలేకపోయాను.

"నేనే కాలు ఎత్తిన" అన్నాను.

"ఏందమ్మా?" అన్నాడు ఉస్తాద్.

"కాలు ఎత్తిన! ప్రతిసారి నేనే ఎత్తిన! అన్న మంచిగనే చేసిండు!"

షెడ్డులో సుత్తి చప్పుడు ఆగిపోయింది. "గింత గొంతు పెట్టుకొని ఇన్ని దినాలు ఏడ దాచినవ్ బిడ్డా?" అన్నాడు ఉస్తాద్. నన్నే మళ్లీ సీటెక్కించి, ఒక్కో చక్రం దగ్గరా గాలి తీయించాడు. ఈసారి నా "పట్టిన!"కు రోడ్డవతల టీ తాగేవాళ్లు గ్లాసులు దించి చూశారు. పెడల్ జారినా నేను జారలేదు. నాలుగో చక్రం అయ్యేసరికి బ్రేకు బండరాయిలా నిలబడింది. పొద్దున పెండ్లి సామాను కామారెడ్డి చేరింది. తోలింది మా అన్న, తాళం చేతికిచ్చి పక్కన కూర్చున్నది బాపు.

ఇప్పుడు నేను భిక్నూర్‌లో బడిపిల్లలకు పాఠాలు చెబుతున్నాను. జర మెల్లగా చెప్పమని పక్క తరగతి మేడం అప్పుడప్పుడు కబురు పెడుతుంటుంది. ఏ పాపమూ ఎరగని ఆ పాత మాస్టర్ సిలిండర్ మా అటక మీద ఇంకా ఉంది. మొన్న దాని పక్కనే నా డైరీ దొరికింది. "రేపు చెప్పాలి" అన్న పేజీ మూలన నల్లటి ఆయిల్ వేలిముద్ర. అన్నదే. షెడ్డులో మాట పడకముందే చదివి నా తప్పు తన మీద వేసుకున్నాడో, ఆ తర్వాతే చదివాడో తెలియదు. ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు, ఇంత గొంతు ఉండి కూడా.