పెండ్లి పందిట్లో నా గురక

మొన్న పుంగనూరులో మా బావ కూతురి పెండ్లికి పోయినోళ్ళు ఎవరన్నా కనపడితే, నా గురించి మాత్రం అడగొద్దండప్పా! అడిగితే ముందు నవ్వుతారు. తర్వాత ముక్కుతో ఒక సౌండు చేసి సూపిస్తారు.

మదనపల్లెలో నాకు చిన్న కంప్యూటర్ సెంటరు ఉండాది గదా, ఆడ ఖాళీగా ఉంటే పాటలు వింటా ఉంటాను. ఆ పాటల ప్లేయరు తయారుచేసినోళ్ళు వాళ్ళ వెబ్‌సైట్లో 'మీ సలహాలు రాయండి' అని ఒక పేజీ పెట్టినారు. సలహా అడిగితే ఊరుకునే మనిషినా నేను? రాసేసినా. పాటకీ పాటకీ మధ్య సందు ఉండకూడదు, ఒకటి తగ్గతా ఉంటే ఇంకోటి లేస్తా రావాల. సౌండు తక్కువున్న పాటకి అదే సౌండు పెంచుకోవాల. ఒక్కో పాటా మనం వెతికి ఎక్కించే బాధ లేకుండా, కంప్యూటర్లో యాడున్నా అదే ఏరుకోవాల.

కొన్నాళ్ళకి కొత్త వెర్షను వచ్చింది. సూస్తే అన్నీ ఉండాయి! ఇవే అడిగినోళ్ళు లోకంలో ఎంతమంది ఉన్నారో నాకేం తెలుసు? 'నా మాట విని మార్చినారు' అని టీ అంగడి దాకా టాంటాం వేసుకున్నా.

మా ఆవిడ రేణుక మాత్రం పెదవి విరిచింది. "వాళ్ళు నీ మాట విన్నారు సరే, నువ్వు నా మాట ఎప్పుడు వింటావు? గురక పెడతావంటే ఒప్పుకోవు!"

ఒప్పుకోలేదు. దాంతో ఒక మధ్యాహ్నం నేను సెంటర్లో కుర్చీలోనే కునుకు తీస్తా ఉంటే, ముక్కు దగ్గర మైకు పెట్టి కంప్యూటర్లోకి రికార్డు చేసేసింది. లేచినాక వినిపించింది.

"ఇది నేను కాదు, మిక్సీ" అన్నా. ఆ మాట ఆడికి మర్చిపోయినా. కంప్యూటరు మర్చిపోలేదు.

పెండ్లికి రెడ్డెప్ప బావ క్యాసెట్లు పెట్టే మైక్‌సెట్టాయనకి చెప్తానంటే నేనే అడ్డుపడినా. "బాక్సులు ఇమ్మను సాలు బావా, పాటలు నావి!" కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డని తీసుకుపోయినట్టు వ్యాన్లో పుంగనూరు తీసుకుపోయినా. కల్యాణ మంటపంలో పక్కగదిలో పెట్టి వీణ పాట ఆన్ చేసి, పట్టుపంచె సర్దుకొని ముందు వరసలో కూర్చున్నా. అదే గదిలో నగల పెట్టె ఉందని మా అత్త తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకొని పీటల పక్కకి పోయింది.

అయ్యవారు మంత్రాలు చదువుతాండాడు. ముహూర్తం దగ్గరపడింది. వీణ మెల్లగా తగ్గింది. దాని కిందనుంచి ఇంకోటి మెల్లగా లేచింది.

అందరూ తంబూరా అనుకున్నారు. నేనూ అనుకున్నా! తర్వాత దానికి ఈల కలిసింది. మధ్యలో ఆగి, గుటక వేసి, మళ్ళీ ఎత్తుకునింది. సౌండు కూడా అదే పెంచుకునింది.

"ఎవురప్పా అది, తాళి కట్టే టయానికి నిద్రపోతాండేది?" అని బావ అరిచినాడు. అందరి కండ్లూ ముందు వరసలో గడ్డం గుండెకానించి కూర్చున్న పెద్దాయన మీద పడినాయి. కుప్పం నుంచి వచ్చిన పెండ్లికొడుకు మేనమామ, మునెప్ప.

"నేను కండ్లు మూసుకొని మంత్రాలు వింటాండా! పిలిచి అవమానం చేస్తారా?" కండువా దులిపి లేచినాడు. "లెయ్యండ్రా, పోదాం!"

కుప్పం వాళ్ళంతా లేచినారు. పీటల మీద పెండ్లికూతురు కండ్లలో నీళ్ళు. ఆ పొద్దు నేను మిక్సీ అన్న రికార్డే ఇదని నాకప్పుడు వెలిగింది. పోయి అయ్యవారి ముందున్న మైకు లాక్కున్నా.

"పెద్దాయనా, ఆగండి! ఆ గురక నాది!"

ఆయన నన్ను పైనుంచి కిందికి సూసినాడు. "నువ్వు మాట్లాడతాండావు. గురక వస్తాండాది. నీదెట్లయితాది?"

జీవితంలో మొదటిసారి ఒప్పుకుంటే నమ్మే దిక్కు లేదు! అప్పుడు ఆడోళ్ళ మధ్యలోనుంచి రేణుక లేచింది.

"ఆయనదే! నేనే రికార్డు చేసినా. రోజూ వింటాండా, నాకు తెలీదా?"

మంటపమంతా ఒకటే నవ్వు. పెండ్లికూతురు కూడా కండ్లు తుడుచుకొని నవ్వింది. మా అత్త తాళంచెవి నా మీదికి విసిరింది, ఉరికిపోయి ఆపేసినా. మునెప్ప కూర్చున్నాడు, తాళి పడింది.

భోజనాల్లో ఆ పెద్దాయన వచ్చి నా పక్క ఆకు ముందే కూర్చున్నాడు. గొంతు తగ్గించి, "అప్పా, అది నాకు సీడీలో ఎక్కించి ఇస్తావా?" అన్నాడు.

"యాల పెద్దాయనా?"

"మా ఇంటామె నన్ను వరండాలో పడుకోబెడతాండాది. నీది ఒకసారి వినిపిస్తే, నాది జోలపాటని తెలుసుకుంటాది."

పంపించినా. నిన్న కుప్పం నుంచి ఫోన్ చేసినాడు. పనిచేసిందంట, ఆమె లోపలికి రానిచ్చిందంట. "సల్లగుండప్పా" అని దీవించినాడు.

సల్లగానే ఉండాను. ఇప్పుడు రేణుక నన్ను పడుకోబెట్టేది మిద్దె మీద.