రెండు గౌరికి, ఒకటి చేనుకి

మా చిన్నప్పుడు... మొక్కజొన్న కంకులు విరిచాక, చేలో మిగిలిన చొప్పను కోసి కట్టలు కట్టేవాళ్ళం. కొండపల్లి దగ్గర గుట్ట వాలులో మాకున్న రెండెకరాల గులకరాళ్ళ నేల అది. మా ఆవు గౌరికి ఎండాకాలమంతా ఆ చొప్పే మేత.

కట్టలు లెక్కపెట్టే పని నాది. నాయనమ్మ పక్కన నిలబడి పంచేది... "రెండు గౌరికి, ఒకటి చేనుకి. లెక్క తప్పావో, వీపు చిట్లుద్ది!"

చేను వాటా కట్టను విప్పి నేలమీదే పరిచేసేవాళ్ళం. పరిచిన చోట దుక్కి ఉండదు. ఆ చొప్ప మధ్యనే సన్నగా సాలు గీసి గింజ వేయించేది. నాన్నకు అది నచ్చేది కాదు.

"నేల ఎక్కడన్నా చొప్ప తింటుందా అమ్మా?"

"తినకపోతే నిరుడు పరిచిందంతా ఏమైందిరా? నువ్వు తిన్నావా?"

నాకు పదేళ్ళప్పుడు పలక తీసుకుని లెక్క వేశాను. మూడు వందల కట్టలు. గౌరికి రోజుకు రెండు. గడ్డి ఎండిన దగ్గర్నుంచి తొలకరి దాకా నూట ఇరవై రోజులు. చేనుకు వంద కట్టలు పోతే... ఇరవై రోజులు గౌరికి మేతే లేదు!

నాన్న మురిసిపోయారు. "విన్నావా అమ్మా? చదువుకున్న పిల్ల చెబుతోంది."

"సరే... ఇక దాని పలకే పండిస్తుందిలే."

ఆ ఏడు చొప్పంతా ఇంటికి తెచ్చాం. గౌరి కడుపునిండా తింది. నాన్న చేను నున్నగా దున్నారు. తొలకరిలో మొదటి పెద్దవానకే ఎర్రనీళ్ళు విత్తనంతో సహా వాగులోకి పోయాయి. మళ్ళీ విత్తితే చివరికి వచ్చినవి నూట అరవై కట్టలు... ఎనభై రోజుల మేత.

గౌరిని ఉయ్యూరు మేనత్తగారింటికి తోలేశారు, అక్కడ చెరుకు ఆకు దొరుకుతుందని. నాయనమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. వీపు చిట్లినా బాగుండేది.

ఇన్నేళ్ళుగా సరిచూస్తూనే ఉన్నాను. నా లెక్కలో తప్పు లేదు. మరి తప్పెక్కడ? చొప్ప తీసేయడం వల్లనా, ఆ ఏడు వానే అంత గట్టిగా పడిందా... తేల్చుకోలేకపోతున్నాను.

ఇప్పుడు ఆ నేల కోటేశు కౌలుకు చేస్తున్నాడు. అతనికో గేదె ఉంది. దుక్కి మానేసి చొప్ప చేలోనే వదలమని వ్యవసాయాధికారి చెప్పారట. కొత్త పద్ధతట! ఇందాకే ఫోన్ చేశాడు.

"అమ్మగారండీ, చొప్పంతా నేలకే వదిలేస్తే మా గేదెకేం పెట్టమంటారండీ?"

"రెండు గేదెకి, ఒకటి చేనుకి," అన్నాను, నాయనమ్మంత గట్టిగా.

"అట్టయినా నెల రోజుల మేత తక్కువొచ్చుద్దండీ..."

ఫోన్ పెట్టేసి పాత లెక్క మళ్ళీ వేశాను. నేను పలక పట్టక ముందు కూడా ఏటా ఆ ఇరవై రోజులు తక్కువే కదా! అయినా గౌరి ఒక్కరోజూ పస్తు లేదు. నాయనమ్మ ఏం తెచ్చి పెట్టేదో... కట్టలు లెక్కపెట్టానే కానీ, అది చూడలేదు. అడిగితే చెప్పే మనిషి ఇంట్లో ఉన్నప్పుడు అడగనూ లేదు.

మీ ఇళ్ళలో చొప్ప చాలని రోజుల్లో పశువుకు ఏం పెట్టేవారు? గుర్తున్నవాళ్ళు రాయండి... కోటేశు రేపు మళ్ళీ ఫోన్ చేస్తానన్నాడు.