చివరి మడికి నీళ్ళు

నా చిన్నప్పుడు నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. బట్లహళ్ళి దగ్గర తోటలో మా తాత మడవ తిప్పేవాడు, అంటే ఒక మడి తడిసాక కాలువ నీళ్ళను పక్క మడికి మళ్ళించేవాడు. చివరి మడికి నీళ్ళు చేరేదాకా ఆయన పక్కన నిలబడటం నాకు ప్రాణసంకటంగా ఉండేది.

అప్పటికి కొన్నాళ్ళుగా తాత బీపీ మాత్రలు మింగుతున్నాడు. ఒకరోజు గట్టు మీద కూర్చుని ఉండగా మా మేనత్త మామగారు వచ్చాడు. వియ్యంకుడు వస్తే కూర్చునే పలకరించడం మా వైపు పెద్ద తప్పు. తాత దిగ్గున లేచాడు, లేచినట్టే లేచి టమాటా మడిలో పడిపోయాడు.

ఆ మాత్రలు దిబ్బలో పారెయ్యమని మా అవ్వ ఒకటే గోల. చింతామణి డాక్టరు మాత్రం మానొద్దన్నాడు. వయసు మళ్ళితే రక్తనాళాలు బిగుసుకుంటాయనీ, మనిషి లేవగానే తలకు రక్తం అందడం ఆలస్యమవుతుందనీ, మాత్ర వల్ల అది ఇంకాస్త ఎక్కువ కావచ్చనీ చెప్పాడు. మోతాదు తగ్గించి, నిదానంగా లేవమన్నాడు.

నిదానంగా లేవడం తాతకు నామోషీ. అందుకని ఎవరొచ్చినా నావైపు చెయ్యి చాపేవాడు. "ఏమ్మా, నన్ను లేపేంత బలముండాదా నీకు?"

నేను పళ్ళు బిగించి లాగేదాన్ని. ఆయన బరువుగా కూర్చుని నవ్వేవాడు, వచ్చినవాళ్ళూ నవ్వేవాళ్ళు. "ఉండమ్మా, కడ మడికి నీళ్ళు పారల్ల" అని, తలే ఆ చివరి మడి అన్నట్టు తట్టుకుని, అప్పుడు లేచేవాడు. నేనే లేపానని ఊరంతా చెప్పుకునేదాన్ని.

ఇప్పుడు నాకూ బీపీ మాత్రలే. కుదురుగా ఉండమంటే కాళ్ళు మాత్రం ఇంకా నా మాట వినవు. మొన్న గేటు చప్పుడుకు గబుక్కున లేచి, కళ్ళు బైర్లు కమ్మి, గోడ పట్టుకుని పడకుండా నిలదొక్కుకున్నాను. అప్పుడు గుర్తొచ్చాడు తాత. పరువు పోకుండా ఆగడానికి ఆయనకు నా చెయ్యి కావాల్సొచ్చిందని ఇన్నేళ్ళకు అర్థమై ఏడుపొచ్చింది.

నిన్న మళ్ళీ గేటు దగ్గర ఎవరో పిలిచారు. ప్రాణమంతా అక్కడే కొట్టుకుంటోంది. అయినా మంచం అంచున కూర్చుని, మనవరాలి వైపు చెయ్యి చాపాను.

"ఏమ్మా, నన్ను లేపేంత బలముండాదా నీకు?"

అది బలమంతా పెట్టి లాగింది. చివరి మడి తడిసిందనిపించాక లేచాను.