పాత ఆఫీసు బల్లలతో ఒక వంటగది

రాజంపేట నుంచి కడపకు పోయే రోడ్డు మీద, ఊరు దాటీ దాటగానే ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. బోర్డు అవసరం కూడా లేదు. ఎప్పుడు చూసినా వాకిట్లో పాత ఇనుప బల్లలు నాలుగు కాళ్లూ పైకెత్తుకుని ఎండలో పడి ఉంటాయి. బీరువాల తలుపులు గోడకు ఆనించి ఉంటాయి. ఫైళ్లు పెట్టుకునే పొడవాటి సొరుగులు వరసగా బోర్లా పెట్టి ఉంటాయి. కొత్తగా చూసినవాళ్లు పాత ఇనుము కొనే అంగడి అనుకుంటారు. తెలిసినవాళ్లు పెంచలయ్య షెడ్డు అంటారు.

పెంచలయ్య మొదట్లో బస్సులకూ లారీలకూ రంగులు కొట్టేవాడు. చేయి నిదానం, పని శుభ్రం అని పేరుండేది. అతని భార్య కృష్ణవేణమ్మ కువైటుకు పోయేనాటికి కూతురు తనూజ రెండో తరగతి చదువుతోంది. ఆ చుట్టుపక్కల ఆడవాళ్లు ఇళ్లలో పనికి కువైటు పోవడం కొత్త సంగతి కాదు. ఏ వీధిలో చూసినా ఒక ఇంట్లో తల్లో, పిన్నమ్మో, వదినో అక్కడే ఉంటారు. ఇల్లు కట్టుకునేదాకా పోయొస్తానని కృష్ణవేణమ్మ బయల్దేరింది. ఇల్లు లేచింది. తర్వాత తనూజ చదువు అడ్డమొచ్చింది. ఆ తర్వాత ఇంకేదో వచ్చింది. మధ్యలో ఒకసారి సెలవు మీద వస్తే, పిల్ల తల్లిని చూసి తండ్రి వెనకాల దాక్కుంది. ఆ సంగతి భార్యాభర్తలిద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఇనుప బల్లల్లోకి పెంచలయ్య అనుకోకుండా వచ్చాడు. బస్సుకు అతుకు వేయడానికి రేకు ముక్క కావాలని ఒకరోజు పాత ఇనుము వ్యాపారి శ్రీనివాసులు దగ్గరికి పోయాడు. ఏదో ఆఫీసు కొత్త భవనంలోకి మారి, పాత సామాను వేలం వేస్తే శ్రీనివాసులు పాడుకుని తెచ్చాడు. అందులో ఒక పెద్ద ఆఫీసు బల్ల ఉంది. రేకు మందంగా వేసే కాలంలో చేసిన బల్ల. పక్కన మూడు సొరుగులు, కాళ్లకు అడుగున ఇత్తడి తొడుగులు. దాన్ని ముక్కలు చేయడానికి మనుషులు గ్యాసు కట్టరు వెలిగిస్తున్నారు. పెంచలయ్య ఆ బల్ల మీద అరచెయ్యి ఆనించి చూశాడు. కాసేపు ఆగమని చెప్పాడు. ఇంట్లో తనూజ నేల మీద బోర్లా పడుకుని రాసుకోవడం అతనికి గుర్తొచ్చింది. రేకు ముక్క మాట మరిచిపోయి బల్లను ఆటోలో వేసుకుని వచ్చాడు.

ఆ బల్లకు పైన బూడిద రంగు. గీకితే దాని కింద ఆకుపచ్చ, దాని కింద నీలం. ఎంతమంది అధికారులు ఆ కుర్చీలోకి వచ్చి పోయారో అన్ని రంగులు. వాటన్నిటినీ గీకి, తుప్పును ఉప్పుకాగితంతో రుద్ది, సొట్టలు లోపలినుంచి తట్టి సరిచేశాడు. ఆఖరికి అసలు ఇనుము బయటపడింది. పొద్దుటి ఎండలో అది మెరుస్తుంటే పెంచలయ్య బీడీ కూడా ముట్టించకుండా చూస్తూ కూర్చున్నాడు. తుప్పు పట్టకుండా ఎర్రమందు పూశాడు. పైన ఏ రంగు కొట్టాలో తోచక, మధ్యాహ్నం కృష్ణవేణమ్మ ఫోన్ చేసినప్పుడు ఆమెనే అడిగాడు.

ఆమె పనిచేసే ఇంట్లో ముసలామె ఒకావిడ ఉంది. ఇంట్లో అందరూ ఆమెను ‘మామా’ అంటారు. అంటే వాళ్ల భాషలో అమ్మ. మామా భోంచేసి నిద్రపోయినప్పుడు కృష్ణవేణమ్మకు కాస్త తీరిక. ఆ తీరికలోనే ఫోన్ చేసేది. బల్లను ఫోన్‌లో అటూ ఇటూ తిప్పి చూపించమంది. చూసి, కాసేపు ఆలోచించి చెప్పింది.

“రుబ్బిన గోరింటాకు ఎట్లుంటాది? చెట్టు మీదుండే పచ్చన గాదు. రోట్లోనుంచి తీసినప్పుడు ఉంటాదే, ఆ రంగు కొట్టు.”

పెంచలయ్య ఆ రంగు కలపడానికి రెండు రోజులు తిప్పలు పడ్డాడు. పక్కింటివాళ్ల పెరట్లో గోరింటాకు కోసుకొచ్చి, రుబ్బి, దాని ముద్దను రేకు మీద పెట్టుకుని, దానికి సరిపోయేదాకా డబ్బాలో రంగులు కలుపుతూ పోయాడు. ఆ బల్లను చూసిన తనూజ స్కూలు టీచరు తనకూ అట్లాంటిది కావాలంది. అట్లా మొదలైంది.

తర్వాత బస్సుల పని తగ్గించుకున్నాడు. శ్రీనివాసులు వేలంలో తెచ్చిన సామాను ముందు పెంచలయ్యకు చూపించి తర్వాతే ముక్కలు కొట్టేవాడు. ఉద్యోగులు టిఫిన్ క్యారియర్లు దాచుకునే గళ్ల బీరువా ఒక ఇంట్లో చెప్పుల స్టాండు అయింది. ఫైళ్ల సొరుగులకు అడుగున చక్రాలు బిగించి మంచం కిందికి తోసే బట్టల పెట్టెలు చేశాడు. కడపలో కాఫీ అంగడి పెట్టిన పద్మప్రియ అనే అమ్మాయి తన అంగట్లోకి బల్లలన్నీ ఇతని దగ్గరే తీసుకుంది. ఈ రంగులు ఎవరు చెప్తారని ఆమె అడిగితే మా ఇంటామె అన్నాడు. ఆమెను ఒకసారి కలవాలంటే, మధ్యాహ్నం వస్తే ఫోన్‌లో చూడొచ్చన్నాడు.

రంగులన్నీ కృష్ణవేణమ్మే చెప్పేది. ఒకదానికి వేరుశెనగ పొట్టు రంగు. ఇంకోదానికి కడప బండ మీద నీళ్లు చల్లితే తేలే నలుపు. కువైటు ఇంట్లో కూర్చుని ఆమె చెప్పే రంగులన్నీ ఇక్కడివే. రంగు చెప్పేటప్పుడు అక్కడి వస్తువు పేరు ఒక్కటీ ఆమె నోటివెంట రాలేదు. పెంచలయ్యకు ఆ మాటలు వింటున్నంతసేపూ ఆమె పెరట్లోనే ఎక్కడో ఉన్నట్టుండేది. ఫోన్ పెట్టేశాక షెడ్డు ఉన్నట్టుండి పెద్దదైపోయేది.

ఒకసారి మాటల్లో ఆమె అక్కడి వంటింటి గురించి చెప్పింది. అక్కడ సొరుగులు ఎంత గట్టిగా మూసినా చప్పుడు కావట. అవి చివర్లో వాటంతటవే నెమ్మదించి మూసుకుంటాయట. పెంచలయ్య ఆ మాటను మనసులో పెట్టుకున్నాడు. ఈసారి ఆమె సెలవు మీద వచ్చేనాటికి అంతకంటే మంచి వంటగది చేసిపెట్టాలనుకున్నాడు. ఫోన్‌లో మాత్రం చూపించలేదు. అమ్మకు చెప్పొద్దని తనూజతోనూ అన్నాడు.

రెండు పొడుగాటి ఆఫీసు బల్లలను ఎల్ ఆకారంలో కలిపి, వాటి మీద నున్నగా పాలిష్ పెట్టిన కడప బండ పరిచాడు. ఫైళ్ల సొరుగుల లోపల స్టీలు రేకు వేసి బియ్యానికీ పప్పులకూ చేశాడు. ఒక లైబ్రరీ నుంచి వచ్చిన చిన్న చిన్న సొరుగుల పెట్టె పోపు దినుసులకు సరిగ్గా సరిపోయింది. ఒక్కో సొరుగు ముందర పేరు రాసిన చీటీ పెట్టుకునే ఇత్తడి చట్రం కూడా ఉంది. అద్దాల తలుపుల బీరువాలో కంచాలు. సొరుగులన్నిటికీ చప్పుడు కాకుండా అడుగున రబ్బరు అతికించాడు. బల్ల ఎత్తు ఎంత ఉండాలన్న దగ్గర మాత్రం చాలాసేపు ఆగిపోయాడు. ఆమె తల తన భుజానికి వచ్చేది. చెంగు దోపుకునేది నడుముకు ఎడమవైపు. చీకటి పడిన తర్వాత గోడ పక్కన నిలబడి, ఆమె నిలబడితే చెయ్యి ఎక్కడికి వస్తుందో ఊహించుకుని, సుద్దతో గీత గీశాడు. బల్ల కాళ్లను ఆ గీతకు కోశాడు.

కృష్ణవేణమ్మ వచ్చింది. తనూజ కడపలో డిగ్రీ చదువుతూ హాస్టల్లో ఉంటోంది, తల్లి కోసం సెలవు పెట్టి వచ్చింది. వంటగదిలోకి అడుగుపెట్టగానే కృష్ణవేణమ్మకు కళ్లనీళ్లు వచ్చాయి. ఒక్కొక్క సొరుగూ తెరిచింది, మూసింది. బండ మీద చెయ్యి రాసింది. బాగుండాదంది. మరునాడు ఉదయమే లేచి రాగిసంగటి, వేరుశెనగ చెట్నీ చేసింది. బల్ల ఎత్తు ఆమెకు సరిగ్గా సరిపోయింది. పెంచలయ్య తలుపు దగ్గర నిలబడి అది చూశాడు.

నాలుగు రోజులు పోయాక అతను ఇంకొకటి గమనించాడు. తండ్రీ కూతుళ్లకు వడ్డించి, ఆమె వంటగదిలోనే గోడకు ఒరిగి నిలబడి తింటోంది. గబగబా నాలుగు ముద్దలు మింగి చెయ్యి కడుక్కుంటోంది. రెండు మూడు పూటలు చూసి, తనూజ బయటికి పోయినప్పుడు అడిగాడు.

“ఏమ్మే, ఈడికొచ్చి మాతో కూచ్చొని తినరాదా?”

“అలవాటు తప్పిపోయిందిలే.”

“నీ ఇంట్లో నీకేం అలవాటు?”

ఆమె తడి చెయ్యి చెంగుకు తుడుచుకుని, అతని ముఖం చూడకుండా మాట్లాడింది.

“శానా బాగా చేసినావయ్యా. అంత బాగా చేసినాకనే చెప్పలేకపోతాండా. ఆడ పొద్దున లేస్తే వంటిల్లే, పండుకునే దాకా వంటిల్లే. కాళ్లు ఈడ్చుకోని ఈడికొస్తే నువ్వు గూడా నాకు వంటిల్లే చూపిస్తివి. దీన్ని చూస్తానే నాకు ఏడుపొచ్చింది. నువ్వు సంతోషంతో ఏడ్చినానని అనుకున్నావు.”

పెంచలయ్యకు కోపం రాలేదు. ఇన్నేళ్లూ ఆమెను ఎప్పుడు తలుచుకున్నా పొయ్యి ముందరే తలుచుకున్నాడని అప్పుడు తెలిసింది. చెంగు దోపుకున్న నడుము, పైకి ముడిచిన జుట్టు, పోపు వాసన. ఆమె ఊరికే కూర్చుని ఉన్న రూపం ఒక్కటైనా గుర్తుందేమోనని వెతుక్కున్నాడు. దొరకలేదు.

మరునాటినుంచి వంట అతను మొదలుపెట్టాడు, ఇన్నేళ్లూ చేసుకున్నదే కదా. ఆమెను షెడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ ఆఫీసుల్లో వచ్చినవాళ్లు కాచుకుని కూర్చునే పాత ఇనుప బెంచీ ఒకటి పడి ఉంది. దాన్ని ఆమె కోసం బాగు చేస్తానంటే, నేనూ చేస్తానని ఉప్పుకాగితం అందుకుంది. ఇద్దరూ చెరో వైపునుంచి తుప్పు రుద్దుకుంటూ వచ్చారు. పగలంతా పని, మధ్యలో మాటలు. పిల్ల గురించి, పోయినవాళ్ల గురించి, రాజంపేటలో కొత్తగా వచ్చిన అంగళ్ల గురించి. బెంచీ పూర్తయ్యాక సాయంత్రం పూట దాని మీద కూర్చుని రోడ్డు మీద పోయే బొప్పాయి లారీలను చూశారు. ఆమె కాళ్లు చాపుకుని కూర్చుంది. పెంచలయ్యకు ఆ సెలవులో మిగిలింది ఆ కొద్దిరోజులే.

పోయే ముందు అతను ఒక్కసారే అడిగాడు.

“ఇంగ ఉండిపోరాదా? ఇల్లయింది, పిల్ల చదువు గూడా అయిపోవచ్చింది.”

“మామా ఉండాది గదా. నా చేత్తో పెడితే తప్ప తినదు. నేను లేని ఈ నెల్లాళ్లలో ఎట్లయిపోయిందో ఏమో.”

ఎన్నడూ చూడని ఆ ముసలామె మీద పెంచలయ్యకు అసూయ పుట్టింది. సిగ్గేసి పైకి అనలేదు.

ఆమె పోయాక ఆ వంటగదిలో అతనొక్కడే వండుకున్నాడు. బల్ల అతనికి పొట్టి, వంగి నిలబడాలి. నడుము పట్టేసినా బల్ల కాళ్లకు ఎత్తు వెయ్యలేదు. సొరుగులు చప్పుడు లేకుండా మూసుకునేవి. అంత నిశ్శబ్దం ఎందుకు చేశానురా దేవుడా అనుకునేవాడు. ఒక్కోసారి ఊరికే స్టీలు గరిటెను బండ మీద పడేసి ఆ మోత వినేవాడు.

పోయిన ఎండాకాలంలో మామా చనిపోయింది. నెల తిరిగేలోపే కృష్ణవేణమ్మ సామాను సర్దుకుని వచ్చేసింది. ఈసారి తిరిగిపోయేది లేదు. పెంచలయ్య ఎయిర్‌పోర్టునుంచి తెచ్చుకుంటూ దారి పొడుగునా ఏవేవో చెప్పాడు. ఆమె ఊఁ కొట్టింది.

ఇంట్లో మనిషి ఉంది. ఇద్దరూ కూర్చునే తింటున్నారు. అయినా ఇల్లు నిండలేదు. బల్లకు ఏ రంగు కొట్టమంటావని అడిగితే, నీకు తోచింది కొట్టమనేది. మధ్యాహ్నం అయ్యేసరికి పెంచలయ్య చెయ్యి దానంతటదే జేబులోని ఫోన్ మీదికి పోయేది. ఫోన్‌లో మాట్లాడిన మనిషి ఇంకా అక్కడే ఉండిపోయినట్టు, వేరే ఎవరో వచ్చినట్టు అనిపించేది. భార్య పక్కనుండగా ఆమె కోసమే బెంగపడటం ఎవరికి చెప్పుకునే సంగతి?

ఒకరోజు షెడ్డులో ఆమె కుర్చీలకు రెగ్జిన్ కుడుతోంది. సూది మధ్యలో ఆగిపోయి ఎటో చూస్తూ ఉండిపోయింది. పెంచలయ్య రంగు కొట్టే గన్ను కింద పెట్టి, వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. ఇన్నేళ్లలో అడగని మాట అడిగాడు.

“ఆ ముసలామె ఎట్లుండేదే?”

కృష్ణవేణమ్మ అతని వైపు చూసింది. నిజంగా అడుగుతున్నాడా అన్నట్టు చూసింది.

“సన్నగా ఉండేది. పంతం ఎక్కువ. నా పేరు పలకలేక వేణీ, వేణీ అనేది. రాత్రిపూట ఊరికే పిలిచి, ఏం లేదు పో అనేది. నేనుండానో లేదోనని.” సూది పక్కన పెట్టి, “ఈడ నన్ను వేణీ అని ఎవరూ పిలవరు” అంది.

అప్పుడు ఏడ్చింది. వచ్చినప్పటినుంచి ఏడవలేదు. మామాకు ఖర్జూరం గింజ తీసి నోట్లో పెట్టాలట. జుట్టుకు ఆమె గోరింటాకు పెట్టించుకుంటుంటే నవ్వులాటగా ఉండేదట. ఆఖరి రోజుల్లో కొడుకుల పేర్లు మరిచిపోయింది గానీ వేణి పేరు మరవలేదట. పెంచలయ్యకు ఆమెను ఆ పేరుతో పిలవాలని నోటిదాకా వచ్చింది. అది తాను పిలవాల్సిన పేరు కాదనిపించి ఊరుకున్నాడు. ఎండ వాకిట్లోంచి జరిగి రోడ్డు అవతలికి పోయేదాకా ఆమె చెబుతూనే ఉంది, అతను వింటూనే ఉన్నాడు. డబ్బాలో కలిపిన రంగు మీద మీగడ కట్టింది.

ఇప్పుడు షెడ్డులో ఇద్దరూ పనిచేస్తారు. కుట్టుపని ఆమెది, గీకుడూ రంగూ అతనిది. శుక్రవారాల్లో కువైటునుంచి మామా మనవరాలు ఫోన్ చేస్తుంది. కృష్ణవేణమ్మ బల్లల మధ్య తిరుగుతూ ఆ పిల్లతో అరబ్బీలో గలగలా మాట్లాడుతుంది, తల వెనక్కి వాల్చి నవ్వుతుంది. ఆ నవ్వు ఎక్కడ నేర్చుకుందో పెంచలయ్యకు తెలియదు. ఒక్క మాటా అర్థం కాకపోయినా ఆమె ఫోన్ పెట్టేసేదాకా వింటాడు. ఆనక దగ్గరికి వచ్చి, ఏమంటాండాది ఆ పిల్ల, అని అడుగుతాడు.