నేను వంకలు పెట్టిన కారు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ వరసగా నిలబెడితే, అరవైల్లో నందిగామలో చేసిన కారు బేరమే అన్నింటికంటే ముందు నిలబడుతుంది. ఇన్నాళ్లూ దాచాను. ఇక చెబుతాను, మీరు నవ్వుకోండి.

మాది జగ్గయ్యపేట. మా నాన్న ఎడ్ల బేరంలో ఆరితేరిన రైతు. మాకో పాత కారు ఉండేది. పేరుకే కారు, చేసేదంతా మెట్ట పొలాల్లో మిరప బస్తాలు మోసే చాకిరీ. మా చేతికి వచ్చిందే దుమ్ముతో వచ్చింది. నీళ్లు తగిలితే తుప్పు పడుతుందని నాన్న దాన్ని కడగనిచ్చేవాడు కాదు. దాని అసలు రంగేమిటో ఇంట్లో ఎవరూ చూడలేదు.

"దీన్ని నందిగామ షావుకారుకిచ్చి, పైన కొంత వేసి మంచి బండి తీసుకురా. బేరం బాగా చేసావా, ఇంటి బేరాలన్నీ ఇక నీవే. లేదంటే నేను పోయేదాకా నేనే చూసుకుంటా" అన్నాడు నాన్న. "ఒకటి గుర్తుపెట్టుకో. కొనేది ఎద్దయినా కారయినా ఎదురుగా మెచ్చుకోకు. వంకలు పెట్టు."

పాత కార్లు కొని అమ్మే ఆ షావుకారు చాలా నెమ్మదస్తుడు. "బండి చూసి ధర చెబుతానండి, ఈలోగా కాఫీ తాగి రండి" అన్నాడు. కాఫీతో పాటు రెండు పెసరట్లు కూడా లాగించి తీరిగ్గా వచ్చాను. షెడ్డులో ఆకాశరంగు కారొకటి మెరిసిపోతోంది. గుండె ఝల్లుమంది. వెంటనే నాన్న మాట గుర్తొచ్చి మొహం చిట్లించాను.

"ఇదేం బండండీ! తలుపు వేలాడుతోంది."

"అవునాండి?"

"సీట్లో స్ప్రింగులు పొడుస్తున్నాయి. పైగా ఈ ఘాటేంటి? ఎవడో బుద్ధిలేనివాడు దీన్లో మిరపకాయలు మోసుంటాడు."

"మోసే ఉంటాడండి."

"నాలుగొందలకి మించి చెయ్యదు!"

కారు నంబరు చూసుకోవద్దా అంటారా? నోరు తెరిస్తే కళ్లు పనిచేయని రకం నేను.

షావుకారు నిదానంగా కళ్లజోడు తుడుచుకున్నాడు. "నేను ఎనిమిదొందలు ఇద్దామనుకున్నానండి. కానీ దీని సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. మీ మాట ప్రకారం నాలుగొందలే ఇస్తా. ఇది మీ బండేనండి, ఇందాక కడిగించా."

నా కారే ఎక్కి ఇంటికొచ్చాను. దారంతా నాన్నకేం చెప్పాలా అని ఒకటే దిగులు. ఆయన అరుగు దిగి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

"మంచి బండే తెచ్చావురా! పైన ఎంత వేసావు?"

నంబరు చూడని గుణం నాకెక్కడి నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

"ఏమీ వెయ్యలేదు నాన్నా" అన్నాను. అది నిజమే కదండీ!

"ఒక్క రూపాయి కూడానా?" ఆయన కళ్లు చెమర్చాయి. "ఇకనుంచి బేరాలన్నీ నీవేరా!"

ఆనందమూ సిగ్గూ ఒక్కసారే ముంచుకొచ్చాయి. అక్కడికక్కడే సూర్యుడి సాక్షిగా రెండు ఒట్లు పెట్టుకున్నాను. ఎవరిదో తెలుసుకోకుండా దేనికీ వంకలు పెట్టనని ఒకటి. నాన్న ఉన్నన్నాళ్లూ ఆ కారు మీద దుమ్ము కనబడనివ్వనని రెండోది. ఆ రెండో ఒట్టు కోసం పదకొండేళ్లపాటు రోజూ, ఆయన నిద్ర లేవకముందే, కారు కడిగాను.