ఎడమ చీలమండకు ఎర్ర అంచు

మా తార్నాక ఫుట్‌బాల్ క్లబ్బు మా ఇంటి అరుగు మీద పుట్టిందంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. అరవైల చివరి సంగతి. నాన్నగారు యూనివర్సిటీ ఆఫీసులో టైపిస్టు. గుంటూరు వైపు నుంచి వచ్చి క్యాంపస్ క్వార్టర్లలో ఉండేవాళ్ళం. చిన్నప్పుడు గుండెకు జబ్బు చేయడంతో నన్ను బడి మాన్పించారు. సాయంత్రాలు నాన్నగారే బైబిలూ లెక్కలూ ఇంగ్లీషూ చెప్పేవారు. నేను గుమ్మం దాటింది చాలా తక్కువ. అలాంటి నా గుమ్మంలోకి దేవుడు పదకొండు మందిని నడిపించి తెచ్చాడు. అందుకు ఈ రోజుకీ స్తోత్రం చెప్పుకుంటాను.

వాళ్ళు మొదట వచ్చింది మంచినీళ్ళ కోసం. మైదానం మా ఇంటి వెనకే. ఒకరు హాస్టల్ మెస్సులో వంటవాడు, ఇద్దరు రైల్వే షెడ్డులో పనివాళ్ళు, మిగతావాళ్ళలో ఎక్కువమంది విద్యానగర్ నుంచి వచ్చే విద్యార్థులు. గోల్నాక నుంచి సైకిలు మీద వచ్చే సెంటర్ ఫార్వర్డే వాళ్ళ కెప్టెను. కాచిగూడలో ఒక లాడ్జీలో గుమాస్తా. తండ్రి లేడు. తల్లినీ ముగ్గురు తమ్ముళ్ళనూ అతనే పోషించాలి.

ఒకరోజు అతని ఎడమ చీలమండ బెణికింది. అమ్మ పాత చీర, ఎర్ర అంచున్న తెల్లది, చింపి గట్టిగా కట్టు కట్టాను. ఆ కట్టుతోనే వెళ్ళి గోలు కొట్టి వచ్చాడు. అంతే, అది ఆనవాయితీ అయిపోయింది. ప్రతి ఆట ముందు పదకొండు మందీ మా అరుగు మీద కూర్చునేవారు. నేను ఒక్కొక్కరి ఎడమ చీలమండకు ఎర్ర అంచు పట్టీ కట్టేదాన్ని. నాన్నగారు ప్రార్థన చేసేవారు. హిందువులూ ముస్లిములూ అందరూ తలలు వంచేవారు. ఆట అయ్యాక ఎవరి పట్టీ వాళ్ళు ఉతికి నాకు తెచ్చివ్వాలి.

"నీ ముడి ఇప్పాల్నంటే ఫైరింజన్ రావాలె చెల్లె," అనేవాడు కెప్టెను ప్రతిసారీ.

పొద్దు గుంకాక బంతి కనబడని వేళ అతను వాళ్ళతో ఒక సాధన చేయించేవాడు. నేను కిటికీలోంచి వినేదాన్ని.

"తల ఎత్తకుర్రి. నా గొంతు ఇనుర్రి. 'ఇటియ్యి' అన్నంక మల్ల చూసుడు లేదు. గొంతు ఏడున్నదో బాలు గాడికి రావాలె."

"మెస్సుల గూడ గంతే అన్నా," అనేవాడు హాఫ్ బ్యాక్ ఆడే మా వంటాయన. "మొకం చూడకు, గరిటె నడిపియ్యి అంటరు."

నవ్వుకుంటూనే నేర్చుకున్నారు. రెండేళ్ళకు ఎంత చీకట్లోనైనా అతని గొంతుకు బంతి వెళ్ళి చేరేది.

ఆ రోజుల్లో ఫుట్‌బాల్‌తో బతకడమంటే ఒకటే దారి. ఏదో ఒక సర్కారు శాఖ ఆట చూసి ఉద్యోగమిచ్చేది. పేరుకు కుర్చీ, అసలు పని ఆట. మా వాళ్ళందరి కలా అదే. అయితే ఆ ఏడాది దానికంటే ముందు ఇంకో కల వచ్చింది. ఒక శాఖ జట్టుతో చివరి ఆటలో ఓడిపోకుండా ఉంటే చాలు, మా క్లబ్బు పెద్ద లీగులోకి వెళ్తుంది. డ్రా అయినా సరే. ఓడితే ఉన్న చోటే.

ఆ ఉదయం కెప్టెను అందరికంటే ఆలస్యంగా వచ్చాడు. ఏదో చెప్పబోయి నాన్నగారి వైపు చూశాడు. ఆయన అప్పటికే కళ్ళు మూసుకున్నారు.

"ప్రభువా, ఈ బిడ్డ కాళ్ళకు బలము దయచేయుము. ఈ పూట ఇతని చేతనే గోలు కొట్టించుము."

నేను పట్టీకి రెండు ముళ్ళు వేశాను. అతను ఫైరింజన్ మాట ఎత్తలేదు. "మీరు నడువుర్రి, నేనొస్త," అని సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నేను ఆట చూడ్డానికి మైదానానికి వెళ్ళింది అదే మొదటిసారి. గోలు వెనక మెట్ల మీద అమ్మ పక్కన కూర్చున్నాను. మా వాళ్ళు కెప్టెను కోసం దారి చూస్తుండగానే అవతలి జట్టు నీలం జెర్సీలతో షామియానాలోంచి బయటికి వచ్చింది. వాళ్ళలో నాలుగోవాడు మా కెప్టెను.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. అంతకుముందు సాయంత్రమే ఆ శాఖవాళ్ళు అతనికి ఉద్యోగం ఆర్డరు చేతికిచ్చి, ఈ ఆట నుంచే తమ జట్టుకు ఆడాలన్నారట. ఆ సంగతి మాకు తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా కళ్ళకు అతని మేజోడు పైనుంచి బయటికి వచ్చిన ఎర్ర అంచు ఒక్కటే కనబడింది. నేను కట్టిందే.

అదనపు ఆటగాణ్ణి దింపి మా వాళ్ళు ఆడారు. ఎలా ఆడారో నాకు చెప్పడం రాదు. చివరి నిమిషాల దాకా ఎవరికీ గోలు లేదు. ఇంకాస్త ఓపిక పడితే చాలని నాలో నేను ప్రార్థిస్తున్నాను. మా వంటాయన కాళ్ళ మధ్యకు బంతి వచ్చింది. చుట్టూ ముగ్గురు ముసురుకున్నారు. తల వంచి దాన్ని కాచుకుంటున్నాడు.

"ఇటియ్యి," అని వినబడింది.

చీకట్లో రెండేళ్ళు విన్న గొంతు. వంటాయన తల ఎత్తలేదు. బంతి సూటిగా ఆ గొంతు దగ్గరికి వెళ్ళింది. అతని కాలూ ఆగలేదు. బంతి మా గోల్‌కీపరు పక్కనుంచి వలలో పడి, మా మెట్ల ముందు ఒక్కసారి కదిలి ఆగింది.

నీలం జెర్సీల వాళ్ళు కేకలు వేస్తూ అతని మీద పడ్డారు. అతను వాళ్ళ మధ్య రాయిలా నిలబడిపోయాడు. వంటాయన తన కాలి వంకే చూసుకుంటున్నాడు, అది వేరెవరిదో అన్నట్టు.

సాయంత్రం అతను మా అరుగు దగ్గరికి వచ్చాడు. మెట్టు ఎక్కలేదు. మా వాళ్ళు నలుగురైదుగురు అక్కడే కూర్చుని ఉన్నారు.

"పిలిచి తీసుకుంటివి కదన్నా," అన్నాడు వంటాయన.

"నేను పిలవాలనుకోలే తమ్మీ. నోట్లెకెల్లి వచ్చేసింది."

"పొద్దున చెప్తే ఏం పోతుండె?"

"చెప్దామనే వచ్చిన. సారు కండ్లు మూసిండు."

నాన్నగారి ముఖం పాలిపోయింది. తాను అడిగింది అడిగినట్టే జరిగిందని ఆయనకు అప్పుడు తట్టింది. "ఉద్యోగం ఖాయమేనా బాబూ?" అన్నారు.

"పర్మనెంటే సారు. మా అమ్మకు ఇంకా చెప్పలే. ముందు ఈడికే వచ్చిన."

"దేవునికి స్తోత్రం," అన్నారు నాన్నగారు. ఆ మాట అంత కష్టంగా ఆయన నోట ఎన్నడూ వినలేదు.

అతను వంగి పట్టీ ముడి విప్పబోయాడు. రాలేదు. "కత్తెర ఇయ్యి చెల్లె," అన్నాడు. నేను ఇవ్వలేదు. మెట్టు దిగి కింద కూర్చుని గోళ్ళతోనే రెండు ముళ్ళూ విప్పాను. మట్టి కొట్టుకున్న పట్టీ చేతిలో పట్టుకుని, ఉతికి తేవాలో వద్దో అతను అడగలేకపోయాడు.

"ఎప్పటిలా ఉతికి తీసుకురా అన్నయ్యా," అన్నాను. అరుగు మీద ఎవరూ కాదనలేదు. ఔననీ అనలేదు.

మర్నాటి నుంచి వంటాయనే కెప్టెను. పొద్దు గుంకకముందే సాధన ముగించి పంపేసేవాడు. "తల ఎత్తి మొకం చూసి ఇయ్యుర్రి," అనేవాడు. నాన్నగారు ఆ తర్వాత ఎన్నడూ గోలు అడగలేదు. అందరూ విరగని కాళ్ళతో ఇంటికి చేరాలని మాత్రమే అడిగేవారు.

ఆదివారం ఆరాధన ముగిసి గుడి నుంచి వచ్చేసరికి అరుగు మీద పట్టీ ఉంది. ఉతికి, మడత పెట్టి. అతని సైకిలు ఎప్పుడు వచ్చి వెళ్ళిందో మాకెవరికీ తెలియలేదు.